ఖాళీ అక్వేరియంలో నత్రీకరణ బాక్టీరియా సంరక్షణ

నత్రీకరణ బాక్టీరియా అనగా అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చే సూక్ష్మజీవులు. అక్వేరియంలో చేపల మనుగడ వీటిపై ఆధారపడి ఉంటుంది. చేపలను తీసివేసిన తరువాత, లేదా యజమాని కొంతకాలం ఊరికి వెళ్ళినపుడు, నీరు మాత్రమే ఉన్న తొట్టెలో వీటికి ఆహారమైన అమ్మోనియా లభించదు. అట్టి సమయంలో బాక్టీరియా నశిస్తే, తిరిగి వదలిన చేపలు కొద్దిరోజులలోనే చనిపోయే ప్రమాదం ఉంది.

చరిత్ర

నత్రీకరణం జీవుల వలన జరిగే చర్య అని 1877లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ష్లోసింగ్, మ్యూంట్జ్ నిరూపించారు. ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం ద్వారా మురుగునీటిని పంపినపుడు అందులోని అమ్మోనియా నైట్రేటుగా మారడం, క్లోరోఫాం ఆవిరి సోకగానే ఆ మార్పు నిలిచిపోవడం వారు గమనించారు. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ బాక్టీరియాను వేరుచేసి, ఇవి సేంద్రియ పదార్థంతో పనిలేకుండా రసాయన చర్యల నుండి శక్తిని పొందుతాయని తెలిపాడు.

అక్వేరియంలో నైట్రైటును ఆక్సీకరించేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం భావించారు. మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేస్తున్నది ప్రధానంగా నైట్రోస్పైరా అని 1998లో హోవానెక్ బృందం తెలిపింది. 2005లో సియాటిల్ నగరంలోని ఒక ఉప్పునీటి అక్వేరియం నుండి అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియాను వేరుచేశారు. అమ్మోనియాను నైట్రేటు వరకు ఒంటరిగానే మార్చగల నైట్రోస్పైరా జాతులను 2015లో కనుగొన్నారు.

ప్రాముఖ్యత

చేపల మొప్పల నుండి, విసర్జన నుండి, కుళ్ళిన మేత నుండి అమ్మోనియా వెలువడుతుంది. నీటి క్షారత పెరిగేకొద్దీ దీని విషప్రభావం పెరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పి.హెచ్. 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో సుమారు 0.6 శాతం మాత్రమే విషరూపంలో ఉండగా, పి.హెచ్. 8 వద్ద అది 5 శాతానికి మించుతుంది. నైట్రైటు చేప రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపానికి మారుస్తుంది. నైట్రేటు వీటికంటే చాలా తక్కువ హానికరం.

సాధారణ బాక్టీరియా కొన్ని అనుకూల పరిస్థితులలో 20 నిమిషాలకే రెట్టింపు కాగలవు. నత్రీకరణ బాక్టీరియాకు అనేక గంటలు, ఒక్కొక్కసారి ఒక రోజుకు పైగా పడుతుంది. అందువలన కొత్త తొట్టెలో ఇవి స్థిరపడడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. ఉన్నవాటిని కాపాడుకొనడం వలన ఈ కాలం ఆదా అవుతుంది.

బాక్టీరియా నశించే కారణాలు

ఇవి నీటిలో తేలుతూ ఉండడం తక్కువ. ఫిల్టరులోని స్పాంజి, గులకరాళ్ళు, గాజు గోడలపై పలుచని జిగురు పొరగా అంటుకొని ఉంటాయి. కనుక తొట్టెలోని నీటిని దాచినంత మాత్రాన బాక్టీరియాను దాచినట్లు కాదు.

* ఎండిపోవడం: ఇవి సిద్ధబీజాలను ఏర్పరచవు. ఫిల్టరు పూర్తిగా ఎండితే అధికభాగం చనిపోతాయి.
* ప్రాణవాయువు లోపం: 1 మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి సుమారు 4.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావాలి. 30 డిగ్రీల వద్ద ఒక లీటరు నీటిలో ఉండేది సుమారు 7.5 మిల్లీగ్రాములే. పంపు ఆగితే మూసి ఉన్న ఫిల్టరులో అది త్వరగా అయిపోతుంది.
* క్లోరిన్: మునిసిపల్ కుళాయి నీటిలో స్పాంజిని కడిగితే బాక్టీరియా దెబ్బతింటుంది. తొట్టె నీటిలోనే పిండి శుభ్రపరచాలి.
* ఆమ్లత్వం: నత్రీకరణం నీటి క్షారగుణాన్ని ఖర్చు చేస్తుంది. పి.హెచ్. 6 కంటే తగ్గితే చర్య దాదాపు నిలిచిపోతుంది.

ఆహారం లేకపోవడం వీటిని అంత త్వరగా చంపదు. ప్రయోగశాలలో నైట్రోసోమోనాస్ యూరోపియాను అమ్మోనియా లేకుండా నెలల తరబడి ఉంచి, తిరిగి అమ్మోనియా అందించినపుడు అది ఆక్సీకరణను మళ్ళీ మొదలుపెట్టింది. ఆకలితో ఉన్న కణాలు తమ జీవక్రియను తగ్గించుకొని నిలుస్తాయి.

సంరక్షణ పద్ధతులు

వారం, పది రోజుల గైర్హాజరుకు ఫిల్టరును, ఎయిర్ పంపును నడుస్తూ ఉంచితే చాలు. ప్రత్యేకంగా ఏమీ వేయనక్కరలేదు. వేసవిలో నీరు త్వరగా ఆవిరవుతుంది కనుక తొట్టెను అంచుదాకా నింపి మూత పెట్టాలి. నీటిమట్టం తగ్గి హీటరు బయటపడితే పగిలే అవకాశం ఉంది. చేపలు లేని తొట్టెలో, ఉష్ణోగ్రత మరీ పడిపోని మన ప్రాంతాలలో, దానిని ఆపివేయవచ్చు. కొంత చల్లదనం వలన బాక్టీరియా జీవక్రియ నెమ్మదిస్తుందే గాని హాని జరగదు.

అంతకంటే ఎక్కువ కాలానికి అమ్మోనియాను అందించాలి. ఇందుకు అమ్మోనియం క్లోరైడు (నవాసాగరం) అనుకూలమైనది. 100 లీటర్ల నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా రావడానికి సుమారు 0.31 గ్రాములు సరిపోతుంది. వారానికొకసారి ఈ మోతాదును పొట్లాలుగా కట్టి ఇరుగుపొరుగువారికి ఇచ్చి వేయించవచ్చు. పాత్రలకు కళాయి పూయడానికి వాడే నవాసాగరంలో మలినాలు ఉండవచ్చు కనుక ప్రయోగశాల నాణ్యత గలదానిని వాడాలి. సువాసన, సబ్బు కలిపిన శుభ్రపరచే ద్రావణాలు పనికిరావు. మోతాదు మించితే నైట్రైటును మార్చే బాక్టీరియాకే ఆటంకం కలుగుతుంది.

చేపల మేతను చిటికెడు చొప్పున వేయడం మరొక పద్ధతి. 40 శాతం మాంసకృత్తులు గల 1 గ్రాము మేతలో సుమారు 64 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. ఇది కుళ్ళుతూ నెమ్మదిగా అమ్మోనియాగా మారుతుంది. అయితే కుళ్ళబెట్టే బాక్టీరియా కూడా ప్రాణవాయువును వాడుకొంటుంది కనుక గాలి బుడగలు తప్పనిసరి. చచ్చిన రొయ్యను వేసి వెళ్ళడం ఈ కారణంగానే మంచిది కాదు.

విద్యుత్తు సదుపాయం లేనిచోట ఫిల్టరు స్పాంజిని తొట్టె నీటితో పాటు మూత బిగించని డబ్బాలో ఉంచి, ఫ్రిజ్‌లో సుమారు 4 డిగ్రీల వద్ద కొద్ది వారాలు నిల్వ చేయవచ్చు. గడ్డకట్టే అరలో ఉంచరాదు. మరొకరి అక్వేరియంలోని ఫిల్టరులో దానిని ఉంచడం ఇంతకంటే సురక్షితమైనది, అక్కడి చేపలకు వ్యాధులు లేనపుడు మాత్రమే.

తిరిగి చేపలను వదిలే ముందు

ముందుగా ఫిల్టరు వాసన చూడాలి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ప్రాణవాయువు అందలేదని అర్థం. ఆ నీటిని తొట్టెలోకి పంపరాదు. తరువాత లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా కలిపి 24 గంటల తరువాత పరీక్షించాలి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరితే బాక్టీరియా నిలిచినట్లే. నైట్రైటు మిగిలితే మరికొన్ని రోజులు ఆగాలి. పెరిగిన నైట్రేటును తగ్గించడానికి కొంత నీటిని మార్చి, మొదట కొన్ని చేపలను మాత్రమే వదలాలి. బాక్టీరియా సంఖ్య దొరికే అమ్మోనియాను బట్టి ఉంటుంది కనుక, చేపలన్నింటినీ ఒకేసారి వదిలితే ఉన్నది చాలకపోవచ్చు.

ఇవి కూడా చూడండి

* నత్రజని వలయం
* బాక్టీరియా
* చేపల పెంపకం