సందేశభాష (బిజినేపల్లి ప్రాంతము)

సెల్‌ఫోనులందు హ్రస్వసందేశములు వ్రాయుటకై ప్రజలు కల్పించుకొనిన సంక్షిప్త లేఖనరీతికి సందేశభాష యని పేరు. 1992 డిసెంబరు 3న ఇంగ్లండునందు నీల్ పాప్‌వర్త్ పంపిన క్రిస్మసు శుభాకాంక్ష తొలి ఎస్సెమ్మెస్‌గా ప్రసిద్ధము. ఒక సందేశమునకు రోమను లిపియందు 160 అక్షరములు చెల్లుచుండగా, యూనికోడు పద్ధతిని వ్రాసిన తెలుగునకు 70 స్థానములే లభించుటచేతను, అందును ‘స్త్రీ’ యను నొక్క యక్షరమే ఆరు స్థానముల నాక్రమించుటచేతను, తొలినాటి ఫోనులలో తెలుగు మీటలు అరుదగుటచేతను, మనవారు తమ మాటలను రోమను లిపిలో వ్రాసికొన నలవాటుపడిరి. దీనిని సోమరితన మనుటకంటె మితవ్యయ మనుట న్యాయము.

నాగర్‌కర్నూలు జిల్లాలోని మండలకేంద్రమగు బిజినేపల్లి ప్రాంతమున వినవచ్చు పాలమూరు పలుకుబడి ‘యాడున్నవ్’ (ఎక్కడ ఉన్నావు) అనునది అచ్చులు జారి వై, డీ, ఎన్, వీ అను నాలుగక్షరములతో ముగియవచ్చును. పాఠ్యపుస్తకములయందు చోటు అంతగా దొరకని మాండలికమునకు ఈ పరాయిలిపి యాశ్రయ మిచ్చుట విచిత్రమే!

ఈ మండలమందలి పాలెము గ్రామమున, సాహిత్యవేత్త కపిలవాయి లింగమూర్తి అధ్యాపకులుగా నుండిన ప్రాచ్యకళాశాలయు, ఆంగ్లమున బోధించు వ్యవసాయ కళాశాలయు వెలసినవి. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలందును ఆంగ్లమాధ్యమము విస్తరించినది. ఇట్లు ఆంగ్లమున వ్రాయు జవాబుపత్రమున, ‘నీవు’ అను అర్థముగల ఆంగ్లపదమునకు మారుగా ‘యూ’ అను ఒంటి యక్షరము కనబడిన అధ్యాపకుడు ఎఱ్ఱసిరా గీయుట సహజము. అయినను భాషావేత్త డేవిడ్ క్రిస్టల్ 2008లో వెలువరించిన గ్రంథమున, సందేశములలో సంక్షిప్తరూపములు స్వల్పమేయనియు, మాటలను కుదించుటకు వాని వర్ణక్రమజ్ఞానము ముందే కావలయుననియు వాదించెను.