తెగిన తీగలు తెలిపిన సముద్రగర్భ చరిత్ర

చరిత్ర శిలాశాసనములయందే కాక సముద్రగర్భమందలి మట్టిపొరలయందును నిక్షిప్తమై యుండును.

1929 నవంబరు 18వ తేదీ సాయంకాలము న్యూఫౌండ్లాండు ద్వీపమునకు దక్షిణమున, గ్రాండ్ బ్యాంక్స్ అంచున 7.2 పరిమాణముగల భూకంపము కలిగెను. ఆ చెంతనున్న అట్లాంటిక్ తంతితీగలు తత్క్షణమే తెగినవి. దక్షిణమున లోతునీటనున్నవి మాత్రము ఒకదానివెనుక నొకటిగా పదమూడు గంటలకు పైగా తెగుచునే యుండెను. మొత్తము 12 తీగలు తెగినవి. ఆ రాత్రియే ఉప్పెన బ్యూరిన్ ద్వీపకల్పపు జాలరి పల్లెలపై బడి 28 మందిని బలిగొనెను.

భూమి కంపించినది స్వల్పకాలమే. కడపటి తీగ అంత ఆలస్యముగా తెగుటకు హేతువేమి? 1952లో హీజెన్, యూయింగ్ అను శాస్త్రజ్ఞులు తీగలు తెగిన వేళలనే సాక్ష్యముగా గైకొని సమాధానమిచ్చిరి. వాలుమీది మట్టి జారి, నీటితో కలిసి, బురదప్రవాహమై పల్లమునకు పరుగెత్తి తీగలను వరుసగా త్రెంచినది. పిమ్మట గొట్టములు దింపి తీసిన నమూనాలలో అడుగున ముతకగా, పైన సన్నముగా పేరిన పొర దీనిని బలపరచినది. ఉప్పెనకును ఆ జారుడే ప్రధానకారణమని పిదపివారు తలచిరి.

యానాము చెంత ప్రవహించు గోదావరియు ఏటేట ఒండ్రును కడలికి చేర్చుచున్నది. కృష్ణా గోదావరీ తీరముల వెలుపలి లోతులలోను ఇట్లు జారిన పొరలు గుర్తింపబడినవి. కావున ఆ పొరలను చదువుట తీరవాసులమగు మనకు కేవల విజ్ఞానము గాదు, ఆత్మరక్షణము.