మట్టిలో భార లోహాల అంచనా: కాబ్వే (జాంబియా)

గనులు, స్మెల్టర్ల చుట్టుపక్కల మట్టిలో సీసం, జింకు, కాడ్మియం, ఆర్సెనిక్ వంటివి ఎంత చేరాయి, అందులో మనిషి కలిపింది ఎంత, దాంతో ముప్పు ఎవరికి అని తేల్చే పనిని భార లోహ కాలుష్య అంచనా అంటారు. ఆర్సెనిక్ శాస్త్ర పరిభాషలో అర్ధలోహమే. విషం కాబట్టి ఇదే జాబితాలో చేర్చేశారు.

ఈ అంచనాలో ఎదురయ్యే చిక్కులన్నీ ఒక్కచోట కనిపించే ఊరు కాబ్వే. రాజధాని లుసాకాకు ఉత్తరాన ఉన్న ఈ పట్టణాన్ని బ్రిటిష్ పాలనలో బ్రోకెన్ హిల్ అనేవారు. 1902లో ఇక్కడ సీసం, జింకు ఖనిజం బయటపడింది. 1994లో గనిని మూసేసేదాకా తవ్వడం, కరిగించడం ఇళ్ల పక్కనే జరిగాయి. గని నడిపిన కంపెనీ వెళ్లిపోయినా స్లాగ్ (లోహం కరిగించి తీశాక మిగిలే చిట్టెం) దిబ్బలు, వ్యర్థాల గుట్టలు అక్కడే ఉండిపోయాయి.

నమూనా సేకరణ

మట్టి ఎక్కడ తీశారన్న దాన్నిబట్టే ఫలితం సగం ఖరారవుతుంది. కాబ్వేలో గాలి ఎక్కువగా తూర్పు, ఆగ్నేయ దిక్కుల నుంచి వీస్తుంది. పొగ, దుమ్ము పడమటి వైపున్న కాసాండా, మకులులు పేటల మీద పడ్డాయి. గని చుట్టూ అన్ని దిక్కులా తీసి సగటు కడితే ఈ పేటల సంగతి ఆ సగటులో మరుగున పడిపోతుంది. లోతు కూడా చూడాలి. పొగతో వచ్చిన సీసం చాలావరకు పైపొరలోనే ఉంటుంది. పైన ఎక్కువగా ఉండి, మీటరు లోతుకు వెళ్లేసరికి బాగా తగ్గిందంటే అది బయటి నుంచి వచ్చి చేరిందనడానికి బలమైన ఆధారం. జింకు పూత ఉన్న పారతో తవ్వితే పార జింకే లెక్కలోకి వస్తుంది, అందుకే ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ పనిముట్లు వాడతారు.

నేపథ్య స్థాయి

ప్రయోగశాలలో ఆమ్లాలతో మట్టిని కరిగించి అంకె తేవడం కష్టమేమీ కాదు. ఆ అంకెను దేనితో పోల్చాలన్నదే తగాదా. జర్మన్ శాస్త్రవేత్త ముల్లర్ 1969లో ప్రతిపాదించిన భూసంచయ సూచీలో, కొలిచిన విలువను సహజ నేపథ్య విలువకు (మనిషి కలపకముందే నేలలో ఉండే మోతాదుకు) ఒకటిన్నర రెట్లతో భాగించి, 2 ఆధారంగా లాగరిథమ్ తీస్తారు. కిలో మట్టిలో 960 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం. ప్రపంచ సగటు షేల్ రాతి విలువ 20 తీసుకుంటే సూచీ 5 వస్తుంది, అంటే తీవ్ర కాలుష్యం. స్థానిక నేపథ్యం 80 అని తేలితే అదే మట్టికి 3 మాత్రమే. ఖనిజం ఉన్న నేలలో సీసం ముందునుంచే ఎక్కువ కాబట్టి రెండో లెక్కే న్యాయం. పల్నాడు జిల్లా అగ్నిగుండాల వంటి సీసం, రాగి ఖనిజ ప్రాంతాలకూ ఇదే వర్తిస్తుంది. కాలుష్యం చేసినవాడు నేపథ్యాన్ని పెంచి చూపితే సూచీ దిగిపోతుందన్నది మరవకూడదు. 1980లో హాకన్సన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన పర్యావరణ ముప్పు సూచీ ఒక్కో లోహానికి విష తీవ్రతను బట్టి బరువు కట్టినా, ఈ బలహీనత దానికీ ఉంది.

ఒంట్లోకి చేరే భాగం

మొత్తం సీసం ఎంతో తెలిసినా ముప్పు ఎంతో తెలిసినట్టు కాదు. సీసపు సల్ఫైడ్ ఖనిజమైన గెలీనా కడుపులోని ఆమ్లంలో అంతగా కరగదు. కార్బొనేట్ రూపంలోని సీసం తేలిగ్గా కరుగుతుంది. కాబ్వేలో రెండూ ఉన్నాయి. అందుకని మట్టిని జల్లించి, చేతులకు అంటుకునే 250 మైక్రాన్ల లోపు నలుసులను జీర్ణరసాన్ని పోలిన ఆమ్ల ద్రావణంలో, 37 డిగ్రీల వద్ద గంటసేపు కలియబెట్టి, ఎంత కరిగిందో చూస్తారు. పాకుతూ వేళ్లు నోట్లో పెట్టుకునే పసివాళ్ల విషయంలో అక్కరకొచ్చే పరీక్ష ఇదే.

హద్దు ఎక్కడ గీయాలన్నదీ మారుతూనే ఉంది. పిల్లలు ఆడుకునే మట్టిలో సీసానికి అమెరికా చాలాకాలం కిలోకు 400 మిల్లీగ్రాముల గీత పాటించింది. 2024లో ఇళ్ల మట్టికి ప్రాథమిక పరిశీలన స్థాయిని 200కు దించింది. కాబ్వే పేటల్లో కొన్నిచోట్ల సీసం వేలల్లో కనిపించింది.

2003లో మొదలైన ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు కింద ఇక్కడ కొంత శుభ్రత పని జరిగింది. 2016లో మరో ప్రాజెక్టు మంజూరైంది. గుట్టలు మాత్రం ఆరుబయటే ఉన్నాయి. చిన్నకారు తవ్వకందారులు వాటిలో ఇంకా ఖనిజం ఏరుతున్నారు. ఎండాకాలం గాలికి ఆ దుమ్ము మళ్లీ పెరళ్లలోకి చేరుతుంది కాబట్టి, శుభ్రతలో భాగంగా మట్టి మార్చిన ఇళ్లలోనూ నమూనాలు తిరిగి తీయాల్సి ఉంటుంది.