కాల్‌బ్యాక్ నుండి ప్రామిస్ దాకా

మొన్నటి దసరాకు మరిపెడ వచ్చిన మా మనుమడు తన జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం ఒకటి చూపించాడు. విద్యార్థి వివరాలు తేవాలి; అవి వచ్చాక మార్కులు తేవాలి; అవి వచ్చాక పట్టికలో చేర్చాలి; ఆ పిమ్మట సందేశం పంపాలి. ఒక పని కడుపులో మరొక పని కూర్చొని, వరుసలు కుడివైపునకు జరిగి జరిగి తెర అంచును తాకాయి. పట్టికలో చేర్చేచోట దోషం వస్తే ఏం చేయాలో రాయడం మరిచాడట. ఒక విద్యార్థి మార్కులు పట్టికకెక్కకుండానే, ఎక్కినట్లు సందేశం వెళ్లింది. ఏళ్ల తరబడి మార్కుల రిజిస్టరు రాసినవాణ్ణి, నాకు నిద్ర పట్టలేదు.

1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ కోసం రూపొందించిన ఈ భాష, ఆలస్యమయ్యే పని ఎదురైతే ఆగి కూర్చోదు. "అయినాక ఈ ఫంక్షన్‌ను పిలువు" అని చెప్పి ముందుకు సాగుతుంది. అదే కాల్‌బ్యాక్. 2009లో రయన్ డాల్ నోడ్‌జేఎస్ తెచ్చాక సర్వర్లలో ఫైళ్లు, డేటాబేసులు అన్నీ ఈ బాట పట్టాయి. చిత్రమేమంటే, నోడ్ తొలి రూపాల్లో ప్రామిస్‌లు ఉండేవి, 2010లో తీసివేశారు! ఆ ఊహ అప్పటికే పాతది. ఆ పేరు 1976లో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ పెట్టినది. 1988లో బార్బరా లిస్కావ్, ల్యూబా ష్రీరా దూరాన ఉన్న యంత్రాల మధ్య పిలుపులకు దీన్ని వాడే తీరు వివరించారు. జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చోటు దొరికేసరికి 2015 వచ్చింది.

పేరు వినగానే నాకు హరిశ్చంద్రుడు తోచాడు. కాని ఈ మాట తప్పవచ్చు కూడా. మన ప్రోనోటే దగ్గరి పోలిక. సొమ్ము ఇంకా రాలేదు, కాగితం మాత్రం చేతిలో ఉంది. దాన్ని మరొకరికి అందించవచ్చు. నెరవేరిందో భంగమైందో ఒకసారి తేలితే ప్రామిస్ ఇక మారదు. కాల్‌బ్యాక్‌లోనైతే మన పనిని పరుల చేతిలో పెట్టి, వాళ్లు పిలుస్తారని, ఒక్కసారే పిలుస్తారని నమ్ముకోవాలి. కుడివైపు వాలిన వరుసలకంటె నాకు ఇదే పెద్ద లోపంగా కనిపించింది.

మనుమడు తిరగరాయడానికి కూర్చొన్నాడు. ఒక్కొక్క పనినీ ప్రామిస్ తిరిగి ఇచ్చే విడి ఫంక్షన్‌గా చేసి, 'దెన్' అనే మాటతో ఒకదాని కింద ఒకటి కూర్చాడు. చూడగా మన క్త్వార్థక వాక్యమే! వివరాలు తెచ్చి, మార్కులు తెచ్చి, పట్టికలో చేర్చి, సందేశం పంపెను. అసమాపక క్రియలు ఎన్ని ఉన్నా సమాపకం ఒక్కటే. దోషాలకూ చివర 'క్యాచ్' ఒక్కటే. పైన ఎక్కడ తప్పినా అక్కడికే జారుతుంది.

అయినా నడిపి చూస్తే, మార్కులు చేరకముందే సందేశం వెళ్లిపోయింది. చేర్చేచోట 'రిటర్న్' లేదు.

"గొలుసు బాగానే ఉంది కదా తాతా!"

"కొక్కెం తగిలించలేదురా."

2017 ప్రమాణంలో వచ్చిన 'అసింక్, అవెయిట్' పద్ధతిలో ఇంకా సాఫీగా రాయవచ్చునట; అక్కడా 'అవెయిట్' మరిస్తే ఇదే గతి. 'రిటర్న్' చేర్చాడు. కావాలనే పట్టిక పేరు తప్పు రాసి మళ్లీ నడిపించాము. దోషం తెరపై కనబడింది. సందేశం వెళ్లలేదు.