ప్రతి నియమం వెనకా ఒక గాయం

1741లో లండన్‌లో జార్జ్ స్టీవెన్‌సన్ అనే గుర్రపు బండి తోలే మనిషి జాక్ బ్రాటన్‌తో పిడిగుద్దుల పోరుకు దిగాడు. బ్రాటన్ అప్పటికే ఇంగ్లండ్‌లో పేరుమోసిన ముష్టియోధుడు. చేతులకు తొడుగుల్లేవు. అరగంట దాటాక స్టీవెన్‌సన్ కూలబడ్డాడు. ఆ దెబ్బలతోనే కొన్నాళ్లకు ప్రాణం వదిలాడు. ఆ చావు బ్రాటన్‌ను చాలాకాలం వెంటాడిందంటారు. 1743 ఆగస్టులో తన పోటీశాల కోసం అతను ఏడు నియమాలు రాసిపెట్టాడు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు తొలి రాతపూర్వక నిబంధనలు అవే.

ఛాంపియన్ల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోతే ఈ ఆట చరిత్ర వీరగాథలా వినిపిస్తుంది. నియమాలు ఎప్పుడు మారాయి, ఎందుకు మారాయి అని వెతికితే మరో చరిత్ర బయటపడుతుంది. చాలాసార్లు మనిషి పోయాకే నియమం వచ్చింది. ఆ రెండో చరిత్ర తెలియకుండా మొదటిదాన్ని మెచ్చుకోవడం నాకు సబబుగా తోచదు.

గ్రీకులు క్రీ.పూ. 688లోనే ముష్టియుద్ధాన్ని ఒలింపిక్స్‌లో చేర్చారు. కానీ టికెట్టు పెట్టి, పందేలు కాసి, గెలిచినవాడికి డబ్బు చేతికిచ్చే పోటీ ఇంగ్లండ్‌లో స్థిరపడింది. 1719 ప్రాంతంలో లండన్‌లో పోటీశాల తెరిచిన జేమ్స్ ఫిగ్‌ను తొలి ఛాంపియన్‌గా లెక్కిస్తారు. కత్తి, కర్ర, పిడికిలి మూడింట్లోనూ అతను దిట్ట. అతని తరువాతి తరంవాడే బ్రాటన్.

బ్రాటన్ నియమాలు ఎలా పనిచేసేవో చూడండి. చెక్క వేదిక నడుమ గజం కొలతతో సుద్దముక్కతో చతురస్రం గీస్తారు. కింద పడినవాణ్ని అతని సహాయకుడు అరనిమిషంలో లేపి ఆ గీత దగ్గర నిలబెట్టాలి. నిలబెట్టలేకపోతే ఓడినట్టే. పడినవాణ్ని కొట్టకూడదు. నడుము కింద పట్టుకోకూడదు. అంతే. ఎన్ని రౌండ్లన్న లెక్క లేదు, ఎంతసేపన్న గడువు లేదు. ఒకడు పడితేనే రౌండు అయినట్టు. ఆ కాలానికి ఇది కూడా పెద్ద దయే.

1750లో బ్రాటన్ వంతు వచ్చింది. జాక్ స్లాక్ కొట్టిన దెబ్బకు కళ్లు వాచి మూసుకుపోయాయి, ఎదుటివాడు కనిపించక ఓడిపోయాడు. అతని మీద భారీగా పందెం కాసిన కంబర్లాండ్ డ్యూక్ అంతటితో తన అండ తీసేశాడు.

తరువాత డేనియల్ మెండోజా వచ్చాడు. లండన్ యూదు కుటుంబంలో పుట్టినవాడు, తరచూ తనకంటే బరువైనవాళ్లతో తలపడ్డాడు. పక్కకు తప్పుకోవడం, దెబ్బ కాచుకోవడం, అడుగులు కలపడం ఈ ఆటలో స్థిరపడింది చాలావరకు అతనివల్లే. 1795లో జాన్ జాక్సన్ అతని జుట్టు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కొట్టి గెలిచాడు. అప్పట్లో అది తప్పు కాదు. 1810లో అమెరికా బానిసత్వం నుంచి బయటపడి వచ్చిన నల్లజాతీయుడు టామ్ మోలినో, ఇంగ్లండ్ ఛాంపియన్ టామ్ క్రిబ్‌ను ఓడించే దాకా తెచ్చాడు. నడుమ జనం రింగ్‌లోకి చొరబడ్డారని ఆనాటి కథనాలు. చివరికి క్రిబ్ గెలిచాడు. రంగు వివక్ష కూడా ఈ ఆటలో అంత పాతదే.

1838లో బ్రైటన్ బిల్ అని పిలిచే బాక్సర్ ఓవెన్ స్విఫ్ట్‌తో పోరాడి చనిపోయాడు. ఆ ఏడాదే లండన్ ప్రైజ్ రింగ్ నియమాలు వచ్చాయి. 1867లో జాన్ గ్రాహం ఛాంబర్స్ రాసిన 12 నియమాలు క్వీన్స్‌బెరీ మార్క్విస్ పేరుతో వెలువడ్డాయి. మూడు నిమిషాల రౌండు, నిమిషం విశ్రాంతి, పడితే పది సెకన్లు, చేతికి గ్లోవ్స్. నేటి ఆటకు పునాది ఇదే. గ్లోవ్స్ తల కోసమని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి ముందు కాపాడేది కొట్టే చేతిని. ఉత్త పిడికిలితో పుర్రె మీద కొడితే వేళ్లే విరుగుతాయి, అందుకే పాతకాలం వాళ్లు తలకు గురిపెట్టేటప్పుడు వెనకాడేవాళ్లు. గ్లోవ్స్ వచ్చాక ఆ భయం పోయింది. ముఖం చిట్లడం తగ్గింది, మెదడుకు తగిలే దెబ్బలు పెరిగాయి.

1889 జులై 8న మిసిసిపీలోని రిచ్‌బర్గ్‌లో జాన్ ఎల్. సల్లివన్, జేక్ కిల్‌రెయిన్‌ను 75 రౌండ్ల తర్వాత ఓడించాడు. ఉత్త చేతులతో జరిగిన చివరి హెవీవెయిట్ టైటిల్ పోరు అది. మూడేళ్లకు న్యూ ఓర్లీన్స్‌లో జిమ్ కార్బెట్ గ్లోవ్స్‌తోనే సల్లివన్‌ను 21వ రౌండులో పడగొట్టాడు. సల్లివన్ నల్లజాతి బాక్సర్లతో పోటీకి ఒప్పుకోలేదు. తరువాతివాళ్లూ చాలాకాలం అదే దారి పట్టారు.

ఆ తలుపు బద్దలుకొట్టినవాడు జాక్ జాన్సన్. 1908 డిసెంబరు 26న సిడ్నీలో ఛాంపియన్ టామీ బర్న్స్‌ను చిత్తు చేస్తుంటే పోలీసులే 14వ రౌండులో పోరు ఆపించారు. 1910 జులై 4న రీనోలో, విశ్రాంతి తీసుకుంటున్న మాజీ ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్‌ను తెల్లవాళ్ల పరువు నిలపమని బతిమాలి రింగ్‌లోకి తెచ్చారు. జాన్సన్ 15వ రౌండులో ముగించాడు. ఆ రాత్రి అమెరికాలో చాలాచోట్ల నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి. 1913లో అన్యాయంగా శిక్ష వేస్తే దేశం విడిచి వెళ్లాడు, 1920లో తిరిగొచ్చి జైలుకెళ్లాడు. ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చేసరికి 2018 వచ్చింది. అతను 1946లోనే పోయాడు.

జో లూయిస్ కథ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. తనను ఓడించిన జర్మన్ మాక్స్ ష్మెలింగ్‌ను 1938లో తొలి రౌండులోనే చిత్తు చేసినప్పుడు అమెరికా మొత్తం అతన్ని తనవాడంది. 1942లో రెండు పోరాటాల్లో తన వాటా డబ్బును నౌకాదళం, సైన్యం సహాయనిధులకు ఇచ్చేశాడు. ఆ దేశం పన్ను బాకీ కోసం అతన్ని వదల్లేదు. అప్పు తీర్చడానికి మళ్లీ రింగ్ ఎక్కాడు. 1951 అక్టోబరు 26న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, 37 ఏళ్ల వయసులో, రాకీ మార్సియానో కొట్టిన దెబ్బకు తాళ్ల మధ్యనుంచి బయటికి ఒరిగిపోయాడు. గెలిచిన మార్సియానో ఆ రాత్రి కన్నీళ్లు పెట్టుకున్నాడు. మార్సియానో 49 పోరాటాల్లో ఒక్కటీ ఓడకుండా తప్పుకున్నాడు.

బరువు తేడా పక్కనపెట్టి చూస్తే అందరికంటే గొప్పవాడు షుగర్ రే రాబిన్సన్ అని నిపుణుల్లో చాలామంది మాట, నాదీ అదే. అయితే 1947లో క్లీవ్‌లాండ్‌లో జిమ్మీ డోయల్‌తో పోటీకి ముందురోజు రాత్రి, అతను తన చేతిలో చనిపోయినట్టు కలగన్నానని రాబిన్సన్ చెప్పాడు. పోటీ వద్దని వెనక్కి తగ్గితే నచ్చజెప్పి దింపారు. పోటీ మరుసటిరోజే డోయల్ కన్నుమూశాడు.

రౌండ్ల లెక్క వెనకా ఒక చావుంది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ విజేత అయింది అమెచ్యూర్ బాక్సింగ్‌లో. అది మూడు రౌండ్ల ఆట. ప్రొఫెషనల్ టైటిల్ పోరు ఒకప్పుడు 15 రౌండ్లు సాగేది. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో రే మాన్సీనీతో 14వ రౌండు దాకా నిలిచిన కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ నాలుగైదు రోజులకు చనిపోయాడు. ఆ తరువాతే ప్రపంచ సంస్థలు ఒకదాని వెంట ఒకటి 12 రౌండ్లకు దిగివచ్చాయి.

ఇక ముహమ్మద్ అలీ. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్లనంటే టైటిల్ లాక్కున్నారు, మూడేళ్లకు పైగా రింగ్‌కు దూరం చేశారు. సైన్యంలో చేరనందుకు వేసిన శిక్షను 1971లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. 1974 అక్టోబరు 30న కిన్‌షాసాలో జార్జ్ ఫోర్‌మన్ ఏడు రౌండ్లు మోదిన మోతను తాళ్లకు ఆనుకుని భరించి, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. గొప్ప వ్యూహమని మనం చప్పట్లు కొట్టాం. ఆ దెబ్బలన్నీ తగిలింది అతని ఒంటికే. 1980లో లారీ హోమ్స్ చేతిలో దయనీయంగా ఓడాక కూడా మరుసటి ఏడాది ఇంకో పోరు పెట్టించారు. 1984లో పార్కిన్సన్స్ అని వైద్యులు తేల్చారు.

2000లో అమెరికా అలీ పేరుతో చట్టం చేసింది. ప్రమోటర్లు తమకెంత వస్తోందో బాక్సర్‌కు చెప్పాలని, దోపిడీ ఒప్పందాలు కుదరవని అందులో ఉంది. వయసు మళ్లినవాళ్లకు వైద్యం, పింఛను మాత్రం అందులో లేవు. కాలిఫోర్నియా 1982 నుంచి బాక్సర్లకు పింఛను నిధి నడుపుతోంది. బాక్సింగ్ టికెట్లమ్మి సంపాదించే ప్రతి రాష్ట్రం, ప్రతి దేశం ఆ పని చెయ్యాలి. మరో స్టీవెన్‌సన్ పోయేదాకా ఆగకుండా చెయ్యాలి.