ఎండిన కర్రతో క్రొత్త తలుపు: ఆటయంత్రముల పోటీలో నింటెండో త్రొక్కిన దారి

వలసాంధ్రుల చరిత్రకై వెలువడు సంచికలో జపాను దేశపు ఆటయంత్రములను గూర్చిన వ్యాసమేల యని పాఠకులు కొందఱు శంకింపవచ్చును. బరంపురమున గాని, షోలాపురమున గాని, హోసూరున గాని మన యిండ్లలోని పిల్లలు ఈ యంత్రముల పేళ్లను బాగుగ నెఱుగుదురు. పెద్దలకు మాత్రము అవి వెల యెక్కువైన బొమ్మలు. ఆ బొమ్మల వెనుక ఒక పరిశ్రమ చరిత్ర కలదు. యంత్రబలమున తనకంటె మించిన ప్రత్యర్థుల నడుమ ఒక సంస్థ తన యంత్రములకు ఎవ్వరును ఊహింపని రూపము నిచ్చి నిలిచిన కథ యది. అదే సంస్థ అదే నమ్మకముతో గట్టి దెబ్బలు తినిన కథయు నదియే. ఈ రెండవ భాగమును వ్రాయువారు త్వరగా దాటిపోవుదురు. నాకు మాత్రము మొదటి భాగము రెండవ దానివలననే బోధపడినది.

టెలివిజనుకు తగిలించి గాని, చేత బట్టుకొని గాని వీడియో ఆటలాడుటకై ప్రత్యేకముగా నిర్మించిన యంత్రమును కన్సోలందురు. ఈ పరిశ్రమలో పోటీకి వాడుకలోనున్న పద్ధతి యొక్కటే. కొన్ని యేండ్ల కొకమాఱు ప్రతి సంస్థయు మునుపటికంటె వేగముగల చిప్పుతో, మునుపటికంటె నిండైన చిత్రముతో క్రొత్త యంత్రమును విపణిలోనికి దించును. యంత్రమును నష్టమునకే అమ్మి, ఆ నష్టమును ఆటల అమ్మకముపై పూడ్చుకొనుటయు కలదు. అట్టి పందెమున గెలుపు తుదకు ఎక్కువ ధనము పోయగలవానిది. నింటెండో ఈ పందెమును విడిచి ప్రక్కదారి పట్టిన సందర్భములే ఈ వ్యాసమునకు విషయము.

ఆ సంస్థ పుట్టుకయే ఆటతో ముడిపడినది. 1889లో క్యోటో నగరమున ఫుసాజిరో యమావుచి యనునాయన హనాఫుడా యను పూలపేకలను చేసి అమ్ముటకై దానిని స్థాపించెను. పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారు జపానునకు పేకముక్కలను కొనిపోయిరి. జూదమునకు వాడుచున్నారని ప్రభుత్వము ఒక పేకను నిషేధించినకొలది జనులు వేఱు బొమ్మలతో మఱియొక పేకను కల్పించుకొనిరి. అట్లు నిలిచినది అంకెలు లేక, నెలకు నాలుగు చొప్పున 48 ముక్కలుగల యీ పూలపేక. ఒడిశాలోని గంజప్పను, మహారాష్ట్రమున సావంతవాడి గంజీఫాను చూచిన మనవారికి బొమ్మల పేక యందమును వేఱుగ చెప్పనక్కఱలేదు. 1949లో స్థాపకుని మునిమనుమడు హిరోషి యమావుచి అధ్యక్షుడై 2002 వఱకు సంస్థను నడిపెను.

1965లో గుంపేయి యొకోయి యను యువకుడు ఈ సంస్థలో చేరెను. దోషిషా విశ్వవిద్యాలయమున ఎలక్ట్రానిక్సు చదివివచ్చినను ఆయనకు దొరకిన పని పేకలు చేయు యంత్రములను కనిపెట్టి చూచుట. తీరికవేళ అడ్డదిడ్డముగ నల్లిన పలకలతో ఒక చేతిని చేసికొనెను. పిడిని నొక్కిన అది దూరముగ చాగి వస్తువును పట్టుకొనును. పనివేళ దానితో ఆడుకొనుచుండగా అధ్యక్షుని కంటబడెను. మందలింపునకు బదులు దానిని అమ్మదగిన బొమ్మగా చేయుమని ఆజ్ఞ వచ్చినది. 1966లో అల్ట్రా హ్యాండ్ అను పేర వెలువడిన ఆ బొమ్మ పదిలక్షలకు పైగా అమ్ముడుపోయినది. బొమ్మకు క్రొత్తదనము దానిలోని పదార్థమువలన రాలేదు; ఉన్న వస్తువును వేఱొక పనికి త్రిప్పుటవలన వచ్చినది.

యొకోయి తరువాతి కాలమున ఈ భావమునకు ఒక సూత్రరూపము నిచ్చెను. ఎండిన విద్యను అడ్డముగ ఆలోచించుట యని దానికి ముక్కకు ముక్క అర్థము. ఎండిన యనగా పనికిరాని యని కాదు. పచ్చికర్రతో చేసిన తలుపు నాలుగు నెలలలో వంకరపోవునని మన వడ్రంగు లెఱుగుదురు. ఎండిన కర్రయే నమ్మదగినది. అట్లే పలువురు చేసి, లోపములు దిద్ది, వెల తగ్గిన పరికరమును గైకొని ఎవరును వాడనిచోట వాడుమని ఆయన తాత్పర్యము.

దీనికి మొదటి గొప్ప నిదర్శనము 1980లో వెలువడిన గేమ్ అండ్ వాచ్. వేగరైలులో విసుగుతో కూర్చుండి క్యాలిక్యులేటరు మీటలు నొక్కుకొనుచున్న ఉద్యోగి నొకనిని చూచినప్పుడు ఆయనకు ఈ ఆలోచన తట్టినదని చెప్పుదురు. షార్పు, కాసియో సంస్థలు క్యాలిక్యులేటరులపై సాగించిన పోరాటమువలన ద్రవస్ఫటికపు తెరల వెల అప్పటికి మిక్కిలి పడిపోయినది. ఆ తెరయే యొకోయి ఆటకు రంగస్థలమైనది. ఈ వరుసలోని యంత్రములన్నియు కలిసి 4 కోట్ల 34 లక్షలు అమ్ముడుపోయినవి. 1982లో డాంకీ కాంగ్ యంత్రమునకు ఆయన అమర్చిన శిలువ యాకారపు మీట ఆ పిమ్మట పరిశ్రమ యంతటను వ్యాపించినది.

1983లో మసాయుకి యుయెమురా నిర్మాణమున ఫామికామ్ అను ఇంటి కన్సోలు జపానులో వెలువడెను. దాని విజయమును అందఱును చెప్పుదురు. నేను దాని అమెరికా వేషమును గూర్చి మాత్రమే చెప్పెదను. 1983లో అమెరికాలో వీడియో ఆటల వ్యాపారము కుప్పకూలినది. ఆ పేరెత్తినచో అంగడివారు సరకును ముట్టరైరి. కావున 1985లో నింటెండో తన కన్సోలునకు వీడియో రికార్డరు రూపమునిచ్చి, ఆటబిళ్లను ముందువైపునుండి లోనికి త్రోసి అదుముటకు ఏర్పాటుచేసి, వెంట రాబ్ అను చిన్న రోబోటును పంపినది. ఇది కన్సోలు కాదు, వినోద సాధనమని అంగడివాని కన్నులకు చూపుటయే ఉద్దేశము. ఎత్తు పారినది. రాబ్‌తో ఆడుటకు వచ్చిన ఆటలు రెండే. వాకిలి తెఱచిన పిదప దానితో పనిలేకపోయినది. కాని వేషమునకు మూల్యము చెల్లింపవలసి వచ్చెను. వంచి యదుము ఆ యమరికలో లోహపు మొనలు కాలక్రమమున వదులై ఆటబిళ్ల సరిగా అంటకుండెను. పిల్లలు బిళ్లలో నోటితో ఊదుట ఒక ఆచారమైనది. 1993లో పైనుండి బిళ్లను దించు నమూనా వచ్చినదాక ఆ బాధ తీరలేదు.

1989 ఏప్రిలులో గేమ్ బాయ్ వెలువడినది. యొకోయి విభాగము నిర్మించిన ఈ చేతియంత్రమును ఆనాటి విజ్ఞులు చూచి పెదవి విఱిచియుండిన తప్పులేదు. తెర పచ్చనిచాయ కలది, దానిపై నాలుగే మెట్ల నలుపుతెలుపులు. తెర వెనుక దీపము లేదు. అదే సంవత్సరమున అటారీ సంస్థ లింక్స్ అను రంగులయంత్రమును తెచ్చెను. 1990లో సేగా సంస్థ గేమ్ గేర్ అను మఱియొక రంగులయంత్రమును తెచ్చెను. శక్తిలో ఈ రెండును గేమ్ బాయ్‌ని మించినవి. కాని రంగుతెరకు దీపము కావలెను, దీపమునకు విద్యుత్తు కావలెను. గేమ్ గేర్ ఆఱు బ్యాటరీలను కొన్ని గంటలలో హరించెడిది. గేమ్ బాయ్ నాలుగింటితో పదిగంటలకు పైగా నడచెడిది. అమెరికాలో గేమ్ బాయ్ వెల 90 డాలర్లు, లింక్స్ వెల 180 డాలర్లు. నెలనెల బ్యాటరీలు కొనిపెట్టు తల్లిదండ్రుల లెక్క ఏ విమర్శకుని లెక్కకంటెను గట్టిది. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన టెట్రిస్ ఆట దీనితో కలిసివచ్చుటచే పెద్దలును దీనిని చేత పట్టిరి. రాలుచున్న దిమ్మలను పేర్చుటకు రంగు అక్కఱలేదు గదా! రంగుల నమూనాతో కలిసి గేమ్ బాయ్ 11 కోట్ల 86 లక్షలు అమ్ముడుపోగా గేమ్ గేర్ కోటి దాటి ఆగిపోయినది. 1991 గల్ఫ్ యుద్ధమున కాలి పైతొడుగు కరగిపోయియు ఆడుచుండిన గేమ్ బాయ్ ఒకటి న్యూయార్కులోని నింటెండో అంగడిలో చిరకాలము ప్రదర్శింపబడినది.

ఇంతటి విజయము పొందినవాడే తరువాతి పరాజయమునకును కర్త యగుట విచారకరము. 1995లో వెలువడిన వర్చువల్ బాయ్ యొకోయి పనియే. కన్నులకు ఆనించుకొని చూచినచో లోతుగల చిత్రము కానవచ్చును. ఇందును ఆయన సూత్రమే కలదు: చవుకయైన ఎఱ్ఱని దీపముల వరుసను కదలు అద్దములతో విస్తరింపజేసి చిత్రము కల్పించిరి. అన్నియు ఎఱుపును నలుపునే. కాని యంత్రము తలకు ధరింపదగినంత తేలిక కాదు, చేతిలో నిముడునంత చిన్నది కాదు. బల్లపై కాళ్లమీద నిలిపి మెడ వంచి చూడవలెను. ఆటకాడు లోకమునుండి వేఱగును. ప్రక్కనున్నవానికి ఏమియు కనబడదు. కన్నులు నొచ్చినవనియు తల నొచ్చినదనియు ఫిర్యాదులు వచ్చెను. 7 లక్షల 70 వేలు మాత్రము అమ్ముడుపోయి, సంవత్సరము తిరుగకుండ అది విపణినుండి తొలగినది.

గేమ్ బాయ్ విచిత్రము, వర్చువల్ బాయ్ విచిత్రము; రెండును పాతపరికరములే. భేదమెక్కడ? మొదటిదానిలో పాతదనమువలన ఆటకానికి లాభము కలిగినది: వెల తగ్గెను, బ్యాటరీ నిలిచెను, యంత్రము జేబులో నిమిడెను. రెండవదానిలో విచిత్రతయొక్క భారమును ఆటకాని మెడయే మోసెను. ఈ దృష్టితో చూచినచో తరువాతి ముప్పది యేండ్ల చరిత్ర చాలవఱకు విశదమగునని నా యభిప్రాయము.

1996 ఆగస్టులో యొకోయి సంస్థను వీడెను. పరాజయమే కారణమని లోకమనినది. యాబది దాటిన పిదప స్వతంత్రముగ నుండవలెనని ముందే తలచితినని ఆయన చెప్పెను. 1997 అక్టోబరు 4న రహదారి ప్రమాదమున ఆయన మరణించెను. బండాయి సంస్థకై ఆయన రూపకల్పనలో పాల్గొనిన వండర్‌స్వాన్ అను చేతియంత్రము 1999లో వెలువడినది. అది ఒక్క బ్యాటరీతో నడచెడిది.

ఈలోపల ఇంటి కన్సోలులలో నింటెండో రాచబాటనే నడచి ఓడుచుండెను. 1996 నాటి నింటెండో 64 అమ్మకము 3 కోట్ల 29 లక్షలు. సోనీ ప్లేస్టేషను పదికోట్లు దాటినది. 2001 నాటి గేమ్‌క్యూబు 2 కోట్ల 17 లక్షలతో ఆగగా ప్లేస్టేషన్ 2 పదిహేను కోట్లను మించినది. అదే సంవత్సరమున మైక్రోసాఫ్టు కూడ ధనసంచులతో ప్రవేశించినది. గేమ్‌క్యూబు శక్తిహీనమైన యంత్రము కాదు. శక్తి కలిగియు ఓడుట సంస్థకు కనువిప్పైనది. కావున తరువాతి సాహసమును శుద్ధ ప్రతిభ యని పొగడుట సగము నిజమే. నేరుగ పోరాడు దారి మూసికొనిపోవుట మిగిలిన సగము.

2002లో అధ్యక్షుడైన సతోరు ఇవాటా ఆటకాండ్రు కానివారిని వెదకెను. 2004లో రెండు తెరలతో, ఒక తెరపై పుల్లతో వ్రాయు వీలుతో వెలువడిన డీఎస్ 15 కోట్ల 40 లక్షలు అమ్ముడుపోయినది. 2006లో వీ వచ్చెను. దాని చిప్పు గేమ్‌క్యూబు చిప్పునకు దాయాది. మూడు డీవీడీ పెట్టెలను పేర్చినంత చిన్న పెట్టె. వెల 250 డాలర్లు. అదే నెలలో వచ్చిన ప్లేస్టేషన్ 3 వెల 500, 600 డాలర్లు. అంత వెలకును సోనీ నష్టమునకే అమ్మెను. వీ ప్రత్యేకత చేతిమీటలో కలదు. పలు మీటల చిక్కు యంత్రమునకు బదులు టెలివిజను రిమోటువంటి కడ్డీ. దానిలో చలనమును పసికట్టు చిన్న చిప్పు. బ్యాటు ఊపినట్లు ఊపిన తెరపై బంతి పోవును. ఎన్నడును కన్సోలు ముట్టని తాతలును అవ్వలును బౌలింగు ఆడిరి. వృద్ధాశ్రమములలో ఇది వ్యాయామమైనది. ఉత్సాహము హద్దుమీఱి కడ్డీలు చేజారి టెలివిజనులను తాకగా మొదటి నెలలోనే సుమారు 32 లక్షల మణికట్టు పట్టీలను మార్చియిచ్చుటకు సంస్థ పూనుకొనవలసి వచ్చెను. వీ అమ్మకము 10 కోట్ల 16 లక్షలు. 2010లో సోనీ మూవ్ పేరను, మైక్రోసాఫ్టు కైనెక్ట్ పేరను చలన సాధనములు తెచ్చుటయే దీని ప్రభావమునకు సాక్ష్యము.

కాని క్రొత్తగా వచ్చిన జనము క్రొత్తగానే వెళ్లిపోయెను. బౌలింగు ఆడిన అవ్వ మఱియొక యంత్రమును కొనలేదు. చిన్నచిన్న ఆటలు సెల్‌ఫోనులోనికి చేరెను. 2012లో తెరతో కూడిన చేతిపలకతో వీ యూ వచ్చినది. అది క్రొత్త యంత్రమో, పాత వీకి ఉపకరణమో కొనువారికి తెలియలేదు. పెద్ద తెరను చూడవలెనా, చేతి తెరను చూడవలెనా యను సందిగ్ధము ఆటకానిదే; మరల భారము మోసినవాడతడే. 1 కోటి 35 లక్షలతో అది ముగిసినది. ఇవాటా 2015 జూలైలో మరణించెను.

ఆ పరాజయపు గర్భముననే తరువాతి రూపము కలదు. చేతిపలకను ఇంట ప్రధాన యంత్రమునుండి దూరముగ కొనిపోరాకుండుట వీ యూ లోపము. 2017 మార్చి 3న వెలువడిన స్విచ్‌లో ఆ పలకయే యంత్రమైనది. పీఠమున నిలిపిన టెలివిజనుపై ఆడవచ్చును. ఊడదీసిన ప్రయాణమున ఆడవచ్చును. ఇరువైపుల చేతిమీటలను విడదీసి ఇద్దఱు ఆడవచ్చును. లోపలి టెగ్రా ఎక్స్1 చిప్పు 2015 నుండియే ఎన్‌విడియా సంస్థ టెలివిజను పెట్టెలో నున్నది. ఎండిన కర్రయే! అమ్మకము పదిహేను కోట్లను దాటినది. 2022లో వాల్వ్ సంస్థ స్టీమ్ డెక్ పేర ఇట్టి పలకనే తెచ్చెను. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 మాత్రము రూపమును మార్చలేదు. చిప్పు వేగమును, తెర పరిమాణమును పెంచినది. ఒకప్పటి విచిత్రము ఇప్పుడు రాచబాటయైనది.

క్యోటో చెంత ఊజి పట్టణమున ఒకప్పుడు పేకలు చేసిన కర్మాగారము 2024 అక్టోబరులో నింటెండో ప్రదర్శనశాలగ తెఱువబడినది. యొకోయి కాలపు బొమ్మలు అందు కలవు. వచ్చినవారు ఒక గదిలో కూర్చుండి పూలపేకను తమ చేతులతో చేసికొనవచ్చును.