లెక్కకు రాని బిడ్డలు

విద్య యందఱికిని సమముగా నందవలెనని యొప్పుకొననివారు నేడు లేరు. కాని ఎవరికందినది, ఎవరికందలేదు అను ప్రశ్న పుట్టినప్పుడు మంచిమాటలు చాలవు, లెక్క కావలెను. లెక్క యనగానే జీవములేని యంకెల వరుస యని పలువురు విసుగుకొందురు. అయితే ఆ వరుసలో పేరులేని బిడ్డకు బడిలో పుస్తకమును లేదు, మధ్యాహ్న భోజనమును లేదు. ఖమ్మము, భద్రాచలముల నడిమి యడవిసీమ చరిత్రమును ఈ దృష్టితో విచారింప దలచితిమి.

చదువును లెక్కించుట మనకు క్రొత్త కాదు. చెన్నరాజధాని గవర్నరగు సర్ తామస్ మన్రో 1822లో కలెక్టర్లకు ఒక పట్టిక పంపి, బడులెన్ని, విద్యార్థులెందఱు, ఏ కులమువారెందఱు, బాలికలెందఱు అని విడివిడిగా నడిగెను. బళ్లారి కలెక్టరు 533 బడులను, 6,641 మంది విద్యార్థులను చూపెను. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. మొత్తమునే యడిగియుండినచో ఆ 60 మనకు కనబడకపోయెడిది. విడదీసి లెక్కించుటయే న్యాయమునకు తొలిమెట్టని ఇందువలన తెలియుచున్నది. అయితే ఆ విచారణ భద్రాచలపు అడవులను తాకలేదు. అప్పుడవి నైజాము రాజ్యములోనివి.

తరువాతి కాలమున ఆ సీమ ఎన్ని చేతులు మాఱినదో చూడుడు. 1860లో ఇంగ్లీషువారికి వచ్చి, పిమ్మట మధ్యరాష్ట్రములలోని ఎగువ గోదావరి జిల్లాలో చేరినది. 1874లో చెన్నరాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱినది. 1953లో వరంగల్లునుండి వేఱుపడిన ఖమ్మము జిల్లాలో 1959లో కలిసినది. 2014లో పోలవరము నిమిత్తము కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో మిగిలినది భద్రాద్రి కొత్తగూడెము, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలకు పంచబడినది. ఇన్నిమార్లు ఎల్లలు మాఱిన చోట ఒక యేటి జిల్లా యంకెను మఱియొక యేటి యంకెతో పోల్చి "వృద్ధి" యనుట దారము తెగిన పూసలను దండ యనుటయే. జిల్లా పేరు మాఱినను కోయగూడెము ఉన్నచోటనే యున్నది. కావున లెక్కకు గూడెమే ఆధారము కావలెను.

సగటు చేయు మోసము మఱియొకటి గలదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు నూటికి 67 మంది. గిరిజనులలో నూటికి 49 మంది. గిరిజన స్త్రీలలో 40 మందియే. విడదీసినకొలది సత్యము దిగిపోవుచున్నది. ఒక పంచాయతిలో పెద్దయూరి పిల్లలు నూరుగురిలో 90 మంది బడికి పోవుచు, వాగవతలి గూడెమున పదుగురిలో నొక్కరును పోవుట లేదనుకొందము. మొత్తముమీద నూటికి 82 వచ్చును; అధికారి సంతసించును. ఆ పదుగురి మాట ఆ యంకెలో ఎక్కడ నున్నది?

లెక్క తీసిన దినమును విచారింపదగినదే. బడుల వార్షిక గణనమునకు చాలకాలము సెప్టెంబరు 30 ప్రమాణదినముగా నుండెను. ఆనాడు హాజరుపట్టీ నిండుగా నుండవచ్చును. ఖమ్మము మెట్టలలో మిరపకాయ ఎఱ్ఱబడగానే అడవిసీమ కుటుంబములు బిడ్డలతో కూలికి దిగును; పిదప ఇప్పపువ్వు, తునికాకు వచ్చును. సెప్టెంబరులో నున్న పిల్లవాడు మార్చిలో ఎక్కడ నున్నాడో సంవత్సరమునకొక దినపు గణనము చెప్పజాలదు. 2022-23 మొదలు ప్రతి విద్యార్థి వివరమును పేరుపేరున నెక్కించు పద్ధతి వచ్చుట మేలే. కాని బడిలో చేరిన వారి పేరే అందెక్కును.

చేరనివారి మాట యేమి? 2005 మొదలు బస్తరు ప్రాంతమున సల్వాజుడుం కలహములవలన ఇల్లువాకిళ్లు విడిచి వచ్చిన గొత్తికోయలు ఈ యడవులలో గుడిసెలు వేసికొనిరి. వారి నివాసములు పెక్కు రెవెన్యూ గ్రామములు కావు. గిరిజన ధ్రువపత్రము దొరకుట దుర్లభము. 2007 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల సంఘము వారు దంతెవాడకును ఖమ్మమునకును వచ్చి ఇట్టి బాలల స్థితిని విచారించిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన పరిధిలో నివసించు పదునాలుగేండ్లలోపు బాలలందఱి పట్టికను ఉంచుటయు, వలస కుటుంబముల పిల్లలను చేర్చుకొనుటయు స్థానికసంస్థల విధియని స్పష్టముగా చెప్పినది. చట్టము "నివసించు" వారనినది కాని "పత్రము గల" వారనలేదు.

"పేరు వ్రాసికొందురేమి? మమ్ము వెళ్లగొట్టుటకా?" యని ఆ తలిదండ్రులు వెఱచినచో వారిని తప్పుపట్టరాదు. పట్టిక రెండంచుల కత్తి. పంతులు వ్రాసికొనిన పేరు అడవి కేసునకు గాని పోలీసు విచారణకు గాని సాక్ష్యము కారాదని ప్రభుత్వము మాట యియ్యవలెను. ఆ నమ్మకము లేనిదే సరియైన లెక్క రాదు.

మఱి యా పట్టికలో ఏమి యుండవలెను? బిడ్డ పేరు, గూడెము, ఇంటిభాష, వానకాలమున దాటవలసిన వాగు, నెలనెల హాజరు, మానిన నెల, మానుటకు హేతువు. ఇవి తెలిసినచో చేయదగినది తానే తోచును: ఒకచోట కాలిబాట వంతెన, ఒకచోట మిరపకోతల నాళ్లకు వసతిగృహము, ఒకచోట కోయభాష యెఱిగిన పంతులు. కోయ మొదలగు 8 గిరిజన భాషలలో తొలితరగతుల బోధన 2004లోనే యారంభింపబడినది. ఏ బడిలో ఏ భాషవారెందఱో తెలియనిచో ఆ పుస్తకములు చేరవలసిన చేతికి చేరవు.

అంకె విద్య నియ్యదు. విద్య యెవరికి బాకీ యున్నదో మాత్రము చూపును. బాకీ వ్రాసికొని తీర్పనివాడు ఋణగ్రస్తుడు. వ్రాయకయే లేదనువాడు వంచకుడు. ఇంతకాలము మనము ఈ యడవి బిడ్డల యెడ రెండవ తెగలో నుంటిమి. అందుండి బయటపడుటకు ప్రతి మండలమునందును గూడెము గూడెమునకు పోయి పట్టిక వ్రాయుట మొదటి పని. ఏటేట గ్రామసభలో దానిని అందఱు వినునట్లు చదివి, తీఱని బాకీలను తీర్చుట రెండవ పని.